తిలక్ వర్సెస్ నితీష్: ఫస్ట్ పిక్ మీదైతే ఎవర్ని తీసుకుంటారు?

మాదాపూర్‌లో బయట వర్షం పడుతోంది, మైక్‌లో ఆ సౌండ్ వస్తే కొంచెం అడ్జస్ట్ అవ్వండి. అయ్యప్ప సొసైటీలో మూడో ఫ్లోర్ రూమ్ ఇది, సౌండ్‌ప్రూఫ్ స్టూడియో కాదు.

పోయిన ఎపిసోడ్‌లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్ ఎలా పని చేస్తుందో చెప్పాను కదా. దాని కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. "అన్నా, ఐపీఎల్‌లో వేలం తీసేసి డ్రాఫ్ట్ పెట్టారనుకో. మన తెలుగు కుర్రాళ్లలో ఫస్ట్ పిక్ ఎవరు? తిలకా, నితీషా?" అంతే. దాని కింద రిప్లైలు చూస్తే మతిపోయింది. వైజాగ్ వాళ్లు ఒకవైపు, హైదరాబాద్ వాళ్లు ఒకవైపు, మధ్యలో ఎవరో వచ్చి "ఇద్దరూ మనవాళ్లే, గొడవ వద్దు" అంటే ఆయన్ని రెండు వైపుల వాళ్లూ కలిసి తిట్టారు.

సో ఈ రోజు అదే తేల్చేద్దాం. "ఇద్దరూ గ్రేట్" అని తప్పించుకోను, చివర్లో ఒక్క పేరే చెప్తాను. నచ్చకపోతే కామెంట్స్ ఎలాగూ ఉన్నాయి.

పోయిన వీడియో చూడని వాళ్లకి ఒక్క ముక్కలో చెప్తా. వేలంలో డబ్బు మాట్లాడుతుంది. ఎవరి పర్స్‌లో ఎక్కువ ఉంటే, ఎవరికి ఎక్కువ అవసరం ఉంటే, వాళ్లు ప్యాడిల్ దించకుండా కూర్చుంటారు. డ్రాఫ్ట్ అలా కాదు. వరస ప్రకారం టీమ్‌లు వచ్చి ఒక్కొక్క పేరు చదువుతాయి. బాగా ఓడిపోయిన టీమ్‌లకి ముందు పిక్ దొరికే ఛాన్స్ ఎక్కువ. మీ వంతు వచ్చినప్పుడు ఇద్దరు కుర్రాళ్లు మిగిలి ఉన్నారు, ఒక్కడినే తీసుకోవాలి. రెండోవాడు పక్క టీమ్‌కి వెళ్లి పదేళ్లు మీ మీదే ఆడతాడు. ఆ టెన్షన్ వేలంలో ఉండదు.

ఇప్పుడు తిలక్, నితీష్ దగ్గరికి వెళ్లే ముందు, అమెరికాలో ఇలాంటి ఇద్దరి కథ ఒకటి చెప్పాలి. ఐదు నిమిషాలే. ఎందుకు చెప్తున్నానో తర్వాత అర్థమవుతుంది.

2015 జూన్ 25, బ్రూక్లిన్‌లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్. మన వాళ్లకి ఆ డ్రాఫ్ట్ ఒక్క కారణానికి గుర్తుంటుంది. పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్‌ని డల్లాస్ మావెరిక్స్ 52వ పిక్‌గా తీసుకుంది. ఇండియాలో పుట్టిన ఆటగాడు ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో పిక్ అవ్వడం అదే మొదటిసారి. కానీ ఆ రోజు అమెరికాలో అసలు డిస్కషన్ వేరు. ఇద్దరు బిగ్ మెన్. బిగ్ మ్యాన్ అంటే బుట్ట దగ్గర నిలబడి ఆడే భారీ పొడగరి, ఆరున్నర అడుగుల పైమాటే. ఒకడు కార్ల్ ఆంథనీ టౌన్స్, కెంటకీ యూనివర్సిటీ. ఇంకొకడు జలీల్ ఒకాఫోర్, డ్యూక్ యూనివర్సిటీ. ఇద్దరూ కాలేజ్‌లో ఒక్క ఏడాదే ఆడారు, వయసూ దాదాపు ఒకటే.

కాలేజ్ నంబర్లు పక్కపక్కన పెడితే ఒకాఫోర్ ఎక్కడో ఉంటాడు. మ్యాచ్‌కి సగటున 17.3 పాయింట్లు. టౌన్స్‌కి 10.3. ఆ ఏడాది డ్యూక్ నేషనల్ ఛాంపియన్ కూడా. బుట్టకి వీపు పెట్టి, డిఫెండర్‌ని భుజంతో నెట్టుకుంటూ, ఇటు తిరిగి అటు తిప్పి బాల్ వేసే ఆ పాత స్కూల్ ఆటలో ఒకాఫోర్‌ని మించినవాడు లేడు. మీరు పిక్ చేసే కుర్చీలో ఉంటే ఎవరి పేరు చదువుతారు?

మిన్నెసోటా టీమ్ టౌన్స్‌ని ఫస్ట్ పిక్ తీసుకుంది. ఒకాఫోర్ మూడో పిక్‌లో ఫిలడెల్ఫియాకి వెళ్లాడు. మొదటి సీజన్ అయ్యాక చూస్తే టౌన్స్‌కి 18.3 పాయింట్లు, ఒకాఫోర్‌కి 17.5. పెద్ద తేడా లేదు. "చూశారా, ఇద్దరూ సమానమే" అనుకునే సిట్యుయేషన్. కానీ 2017 డిసెంబర్ వచ్చేసరికి ఒకాఫోర్‌కి ఫిలడెల్ఫియాలో ఆడే ఛాన్సే దొరక్క, బ్రూక్లిన్‌కి ట్రేడ్ అయిపోయాడు. టౌన్స్ మళ్లీ మళ్లీ ఆల్‌స్టార్ అయ్యాడు, 2022లో త్రీ పాయింట్ కాంటెస్ట్ కూడా గెలిచాడు. అంత పొడుగు మనిషి, దూరం నుంచి బాల్ వేసే పోటీ గెలవడం!

క్లూ ఎక్కడుంది? పాయింట్లలో లేదు. ఫ్రీ త్రోలో ఉంది. ఫ్రీ త్రో అంటే ఎవరూ అడ్డు రాకుండా లైన్ మీద నిలబడి వేసే షాట్. కాలేజ్‌లో టౌన్స్ వందకి 81 వేశాడు. ఒకాఫోర్ 51. అంటే ఒకడి చెయ్యి దూరం నుంచి కూడా నేర్చుకోగల చెయ్యి, ఇంకొకడిది బుట్ట పక్కన మాత్రమే పని చేసే చెయ్యి. అదే నెలలో గోల్డెన్ స్టేట్, కర్రీ త్రీ పాయింటర్లతో ఛాంపియన్ అయ్యింది. ఆట దూరం వైపు కదిలిపోతోంది. ఒకాఫోర్ చెడ్డ ఆటగాడు అవ్వలేదు. ఆయన ఆడే ఆట కింద నుంచి నేల జరిగిపోయింది.

సరే, ఇప్పుడు మన ఇద్దరు.

తిలక్ వర్మ, 2002 నవంబర్ 8న పుట్టాడు. నితీష్ కుమార్ రెడ్డి, 2003 మే 26. గట్టిగా ఆరున్నర నెలల తేడా. టౌన్స్, ఒకాఫోర్ లాగే ఒకే బ్యాచ్ అన్నమాట. ఒకే బ్యాచ్ కాబట్టే పోల్చడం న్యాయం.

తిలక్ వాళ్ల నాన్న ఎలక్ట్రీషియన్. ఇల్లు పాతబస్తీ వైపు, చాంద్రాయణగుట్ట. కోచింగ్ లింగంపల్లిలో. మీలో ఎంతమంది లింగంపల్లి నుంచి హైటెక్ సిటీకి రోజూ వస్తారు? ఆ పది పన్నెండు కిలోమీటర్లకే మనం ఏడుస్తాం, స్టేటస్‌లు పెడతాం. చాంద్రాయణగుట్ట నుంచి లింగంపల్లి అంటే సిటీని ఈ మూల నుంచి ఆ మూలకి దాటడం. కోచ్ సలామ్ బయాష్ ఆ పిల్లాడిని తన బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్లేవాడు. అలా ఒకరోజు రెండ్రోజులు కాదు, ఏళ్లు.

నితీష్‌ది వైజాగ్. నాన్న హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం. ఉదయ్‌పూర్‌కి ట్రాన్స్‌ఫర్ వస్తే, కొడుకు క్రికెట్ ఏమవుతుందని ఉద్యోగమే వదిలేశాడు. ఒక్కసారి ఆలోచించండి. మన ఇళ్లల్లో పర్మనెంట్ ఉద్యోగం వదిలేస్తే చుట్టాలు ఏమంటారో! వాళ్ల ఇంట్లోనూ అన్నారట, నితీష్ ఇంటర్వ్యూల్లో చెప్పాడు. డబ్బుల్లేక నాన్న ఏడవడం చూశాకే సీరియస్ అయ్యానని.

ఈ కథలు ఎందుకు చెప్పానంటే సెంటిమెంట్ కోసం కాదు. కష్టం దగ్గర ఇద్దరికీ మార్కులు సమానం. కాబట్టి "వాడు ఎంత కష్టపడ్డాడో తెలుసా" అనే కామెంట్ ఇక ఎవరూ పెట్టొద్దు, ఆ కాలమ్ క్లోజ్.

మార్కెట్‌లోకి ఎలా వచ్చారో చూద్దాం. 2022 మెగా వేలంలో తిలక్ బేస్ ప్రైస్ 20 లక్షలు. ముంబై ఇండియన్స్ 1 కోటి 70 లక్షలకి తీసుకుంది. నితీష్ 2023 సీజన్ వేలంలో అదే 20 లక్షలకి సన్‌రైజర్స్‌కి వచ్చాడు. బేస్ ప్రైస్ మీద ఒక్క రూపాయి పెరగలేదు. మన భాషలో చెప్పాలంటే, ఇద్దరికీ ఒకే క్యాంపస్ డ్రైవ్, ఒకడికి ప్రోడక్ట్ కంపెనీ ప్యాకేజ్, ఇంకొకడికి సర్వీస్ కంపెనీ ఫ్రెషర్ ప్యాకేజ్.

అంటే నితీష్ టాలెంట్ తక్కువా? అస్సలు కాదు. 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీ, అండర్ 16. ఆ సీజన్‌లో వీడు కొట్టింది 1,237 రన్స్. నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లో 441. స్కోర్‌బోర్డ్ తప్పు కాదు, నాలుగు వందల నలభై ఒకటి. పైగా 26 వికెట్లు. ఆ వయసులో దేశంలో అలాంటి నంబర్లు ఇంకెవరికీ లేవు.

మరి ధర ఎందుకు అలా? తిలక్‌ని చూస్తే ఏం కొంటున్నారో క్లియర్. ఎడమచేతి మిడిలార్డర్ బ్యాటర్. 2020 అండర్ 19 వరల్డ్ కప్ టీవీలో అందరూ చూశారు. డబ్బా మీద లేబుల్ ఉంది, లోపల అదే ఉంది. నితీష్ అంటే సగం బ్యాటర్, సగం పేస్ బౌలర్. రెండూ తయారవుతున్నాయి, రెండూ పూర్తవ్వలేదు. పూర్తవ్వని దానికి ధర చెప్పడం ఎవరికైనా కష్టమే.

ఇప్పుడు ఫ్రీ త్రో గుర్తు తెచ్చుకోండి. పెద్ద నంబర్ కాదు, లోపలున్న చిన్న నంబర్ చూడాలి. వీళ్లిద్దరికీ ఆ ఫ్రీ త్రో ఏంటి?

నా ఉద్దేశంలో, చుట్టూ టీమ్ కూలిపోతుంటే ఏం చేస్తారు అనేది. ఐపీఎల్ 2022లో ముంబై పది టీమ్‌లలో పదో ప్లేస్. పద్నాలుగు మ్యాచ్‌ల్లో నాలుగే గెలిచింది. ఆ టీమ్‌లో, మొదటి సీజన్‌లో, పందొమ్మిదేళ్ల తిలక్ 397 రన్స్ కొట్టాడు. గెలిచే టీమ్‌లో నాలుగొందలు వేరు, ప్రతి రోజూ ఐదో ఓవర్లోనే రెండు మూడు వికెట్లు పడిపోయి ఉండే టీమ్‌లో నాలుగొందలు వేరు. 2023 ఆగస్ట్‌లో వెస్టిండీస్‌లో ఇండియాకి మొదటి టీ20. రెండో బాల్ సిక్స్, మూడో బాల్ సిక్స్. 22 బాల్స్‌కి 39.

2025 సెప్టెంబర్ 28న దుబాయ్, ఆసియా కప్ ఫైనల్, పాకిస్తాన్ మీద. టార్గెట్ 147. మనవాళ్లు 20కి మూడు వికెట్లు. అభిషేక్ పోయాడు, సూర్య పోయాడు, గిల్ పోయాడు. మా రూమ్‌లో ఒకడు టీవీ ఆపేద్దామన్నాడు. తిలక్ ఏం చేశాడు? వెంటనే కొట్టడం మొదలుపెట్టలేదు. సంజూతో 57, దూబేతో 60 పార్ట్‌నర్‌షిప్. చివరి ఓవర్లో 10 కావాలి, హారిస్ రవూఫ్ బౌలింగ్, రెండో బాల్ సిక్స్. 53 బాల్స్‌కి 69 నాటౌట్. టీ20లో 130 స్ట్రైక్ రేట్ అంటే మామూలు రోజుల్లో మనమే తిడతాం. ఆ రోజు ఆ 130 కరెక్ట్ స్పీడ్. ఎప్పుడు ఏ గేర్ వెయ్యాలో తెలియడమే తిలక్ ఫ్రీ త్రో.

నితీష్ సంగతి. 2024 నవంబర్, పెర్త్, టెస్ట్ డెబ్యూ. ఇండియా 150 ఆలౌట్. అందులో టాప్ స్కోర్ 41, ఎవరిది? ఎనిమిదో నంబర్‌లో వచ్చిన నితీష్‌ది. అడిలైడ్‌లో రెండు ఇన్నింగ్స్‌లోనూ 42, 42. రెండు సార్లూ టీమ్‌లో టాప్ స్కోర్ అదే. కోహ్లీ, రోహిత్, పంత్ ఉన్న టీమ్‌లో, మొదటి రెండు టెస్టుల్లో మూడు ఇన్నింగ్స్‌లు టాప్ స్కోరర్ ఒక వైజాగ్ కుర్రాడు.

ఇక మెల్‌బోర్న్. 2024 డిసెంబర్ 28. నాకు ఆ రోజు శనివారం అని కూడా గుర్తుంది, ఎందుకంటే ఆఫీస్ లేదు, పొద్దున్నే లేచి చూశాను. ఆస్ట్రేలియా 474. మనం 221కి ఏడు. ఫాలో ఆన్ తప్పాలంటే 275 కావాలి. నితీష్, వాషింగ్టన్ సుందర్ కలిసి 127 జోడించారు. ఫిఫ్టీ కొట్టగానే బ్యాట్‌ని గడ్డం కింద పుష్ప స్టైల్లో తిప్పాడు, మా అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్ నుంచి విజిల్స్ వినపడ్డాయి. తర్వాత సుందర్ అవుట్. నితీష్ 99 మీద అవతలి ఎండ్‌లో నిలబడి ఉన్నాడు. ఇవతల బుమ్రా డకౌట్. చివరి బ్యాటర్ సిరాజ్, కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బాల్స్. స్టాండ్స్‌లో నితీష్ నాన్న దండం పెట్టుకుని కూర్చున్నాడు. సిరాజ్ మూడూ ఆడేశాడు. మన హైదరాబాద్ సిరాజ్, వైజాగ్ పిల్లాడి సెంచరీ కోసం డిఫెన్స్ ఆడుతున్నాడు! కామెంట్స్‌లో హైదరాబాద్, వైజాగ్ అని కొట్టుకునేవాళ్లు ఆ మూడు బాల్స్ ఒకసారి రిపీట్‌లో చూడండి. నెక్స్ట్ ఓవర్ బోలాండ్ బౌలింగ్‌లో ఫోర్. 114. ఆ మ్యాచ్ ఓడిపోయాం, సిరీస్ ఓడిపోయాం. కానీ ఆ సిరీస్‌లో జైస్వాల్ తర్వాత ఇండియాకి ఎక్కువ రన్స్ కొట్టింది నితీషే, 298.

సో ఫ్రీ త్రో టెస్ట్‌లో కూడా ఇద్దరూ పాస్. అందుకే ఇది కష్టమైన ప్రశ్న.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. 2025 జనవరిలో మీరు ఇదే ప్రశ్న అడిగి ఉంటే నేను కళ్లు మూసుకుని నితీష్ అనేవాడిని. అన్నాను కూడా. మా రూమ్మేట్‌తో బిర్యానీ పందెం కాశాను, ఏడాది తిరిగేలోగా నితీష్ మూడు ఫార్మాట్లలోనూ సెటిల్ అయిపోతాడని. నా లాజిక్ ఏంటంటే, కొరత. ఇండియాలో టాలెంటెడ్ ఎడమచేతి బ్యాటర్లు ఎంతమంది? జైస్వాల్, పంత్, రింకూ, అభిషేక్, దూబే, ఇషాన్. లైన్ కట్టి నిలబడి ఉన్నారు. పేస్ వేస్తూ టాప్ సిక్స్‌లో బ్యాటింగ్ చేసేవాళ్లు ఎంతమంది? హార్దిక్. తర్వాత? కపిల్ దేవ్ రిటైర్ అయిన రోజు నుంచి ఈ దేశం అలాంటి మనిషి కోసమే వెతుకుతోంది. 2024 అక్టోబర్‌లో ఢిల్లీలో బంగ్లాదేశ్ మీద నితీష్ 34 బాల్స్‌కి 74 కొట్టి, అదే మ్యాచ్‌లో రెండు వికెట్లు తీశాడు. ఇది కదా కావాల్సింది! డ్రాఫ్ట్‌లో దొరకని సరుకుని ముందు తీసుకోవాలి, దొరికేది తర్వాతైనా దొరుకుతుంది.

బిర్యానీ నేనే పెట్టించాల్సి వచ్చేలా ఉంది. లాజిక్ తప్పు కాదు. లాజిక్‌లో ఒక లైన్ మర్చిపోయాను. ఆల్‌రౌండర్ ఎప్పుడు ఆల్‌రౌండర్? బౌలింగ్ వేసినప్పుడు.

ఆస్ట్రేలియా నుంచి వచ్చాక 2025 జనవరిలో నితీష్‌కి పక్కటెముకల దగ్గర కండరం పట్టేసింది, సైడ్ స్ట్రెయిన్. ఫాస్ట్ బౌలర్లకి అదో పెద్ద బాధ, తిరగబడుతూ ఉంటుంది. ఇంగ్లండ్ టీ20లకి దూరం. ఐపీఎల్‌కి వచ్చాడు కానీ బ్యాటర్‌గానే. ఆ సీజన్ మొత్తంలో వేసిన ఓవర్లు చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బౌలింగ్ లేదు, ఇక అందరి కళ్లూ బ్యాటింగ్ మీదే. 2024లో 303 రన్స్ కొట్టి ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డ్ తీసుకున్నవాడు 2025లో 182 దగ్గర ఆగిపోయాడు. స్ట్రైక్ రేట్ కూడా పడిపోయింది. జూలైలో లార్డ్స్ టెస్ట్, కెప్టెన్ బాల్ ఇచ్చాడు, మొదటి ఓవర్లోనే డకెట్, క్రాలీ ఇద్దర్నీ అవుట్ చేశాడు. ఒకే ఓవర్లో ఇద్దరు ఓపెనర్లు! ఆ మ్యాచ్ అయ్యాక జిమ్‌లో మోకాలికి దెబ్బ, సిరీస్ అయిపోయింది.

నాకు ఈ పార్ట్ చెప్తుంటే కొంచెం పర్సనల్‌గా ఉంటుంది. ఒక్క నిమిషం సైడ్ ట్రాక్.

బీటెక్ అయ్యాక నన్ను ఫుల్‌స్టాక్ డెవలపర్ అని తీసుకున్నారు. కంపెనీ పేరు వద్దు, ఇక్కడికి రెండు సిగ్నల్స్ దూరం. ఇంటర్వ్యూలో ఫ్రంటెండ్ అడిగారు, బ్యాకెండ్ అడిగారు, రెండూ చేశాను. జాయిన్ అయ్యాక ప్రొడక్షన్ సపోర్ట్‌లో వేశారు. టికెట్ వస్తుంది, లాగ్ చూడాలి, సర్వీస్ రీస్టార్ట్ చెయ్యాలి, టికెట్ క్లోజ్ చెయ్యాలి. "రెండు నెలలే, తర్వాత డెవలప్‌మెంట్‌లోకి మారుస్తాం" అన్నారు. పద్నాలుగు నెలలు. ఆ తర్వాత బయట ఇంటర్వ్యూకి వెళ్తే, కాలేజ్‌లో కళ్లు మూసుకుని రాసే కోడ్ దగ్గర చేతులు ఆగిపోయాయి. ఇంటర్వ్యూ చేసేవాడు చాలా మర్యాదగా, "రెజ్యూమేలో ఫుల్‌స్టాక్ అని ఉంది కదా" అన్నాడు. ఏం చెప్పాలి? ఉంది. రాసిన రోజు నిజమే.

అందుకే నితీష్‌ని ట్రోల్ చేసే మీమ్స్ నేను షేర్ చెయ్యను. బౌలింగ్ అనేది వెయ్యకపోతే ఉన్నచోటే ఉండే వస్తువు కాదు. నెట్స్‌లో వేసిన ఓవర్లు మ్యాచ్‌లో వేసిన ఓవర్లు అవ్వవు. టెస్ట్‌లో ఆల్‌రౌండర్ అని తీసుకుని నాలుగైదు ఓవర్లు ఇస్తే ఆ కుర్రాడి బౌలింగ్ ఎలా పెరుగుతుంది? ఇరవై రెండేళ్ల పేస్ ఆల్‌రౌండర్‌కి కావాల్సింది రంజీలో రోజుకి పదిహేను ఓవర్లు. ఇండియా డ్రెస్సింగ్ రూమ్‌లో కూల్‌డ్రింక్ బాటిల్స్ మొయ్యడం కాదు. అది నా అభిప్రాయం, సెలెక్టర్లకి వేరే లెక్కలు ఉండొచ్చు.

తిలక్‌కి కూడా దెబ్బలు తగల్లేదని కాదు. 2025 ఏప్రిల్ 4, లక్నో. ఛేజింగ్‌లో 23 బాల్స్‌కి 25 కొట్టి ఇబ్బంది పడుతుంటే, ఏడు బాల్స్ ఉండగా టీమ్ వెనక్కి పిలిచింది. రిటైర్డ్ అవుట్. దేశం మొత్తం చూస్తుండగా, నువ్వు వద్దు, సాంట్నర్ వెళ్తాడు అని. మ్యాచ్ కూడా ఓడిపోయారు. మీటింగ్ మధ్యలో అందరి ముందు మేనేజర్ మీ దగ్గర్నుంచి ల్యాప్‌టాప్ లాక్కుని పక్కవాడికి ఇస్తే ఎలా ఉంటుంది? మూడు రోజుల తర్వాత ఆర్‌సీబీ మీద 29 బాల్స్‌కి 56. ఇన్‌స్టాలో కోట్స్ పెట్టలేదు, ఏమీ లేదు.

ఇంకోటి. 2024 నవంబర్, సౌతాఫ్రికా టూర్. రెండో టీ20 అయ్యాక తిలక్ కెప్టెన్ సూర్య రూమ్‌కి వెళ్లి, నన్ను మూడో నంబర్‌లో పంపిస్తారా అని అడిగాడు. అది సూర్య ఆడే ప్లేస్. మ్యాచ్ తర్వాత సూర్యనే చెప్పాడు ఈ విషయం. ఇచ్చాడు. సెంచూరియన్‌లో 107 నాటౌట్. రెండు రోజులకి జొహన్నెస్‌బర్గ్‌లో 47 బాల్స్‌కి 120 నాటౌట్. ఇంటికొచ్చి హైదరాబాద్ తరఫున ముస్తాక్ అలీ ట్రోఫీలో మేఘాలయ మీద 151. టీ20ల్లో వరసగా మూడు సెంచరీలు ప్రపంచంలో అంతకు ముందు ఎవరూ కొట్టలేదు.

మిగతా స్టాట్స్ అన్నీ మర్చిపోయినా, ఆ రూమ్‌కి వెళ్లి అడగడం మాత్రం నేను మర్చిపోలేను. ఇరవై రెండేళ్ల కుర్రాడు, టీమ్‌లో ప్లేస్ గ్యారంటీ లేదు, కెప్టెన్ కుర్చీనే అడిగాడు. నేను పద్నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా మేనేజర్ క్యాబిన్‌కి వెళ్లి "నాకు డెవలప్‌మెంట్ ఇవ్వండి" అని గట్టిగా అడగలేదు. మెయిల్ డ్రాఫ్ట్స్‌లో ఉండిపోయింది.

అయితే ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. తిలక్ అడిగింది ఒక ప్లేస్. అది ఇస్తే చాలు, మిగతాది బ్యాట్ చూసుకుంటుంది. నితీష్ అడగాలంటే రెండు అడగాలి. బ్యాటింగ్ ప్లేస్, ఓవర్లు. పైగా ఒళ్లు సహకరించాలి. ఒకడి కెరీర్‌కి ఒక తాళం చెవి, ఇంకొకడి కెరీర్‌కి మూడు. అందుకే పేస్ ఆల్‌రౌండర్లు దొరకరు. దొరకని సరుకు అని నేను మురిసిపోయాను కానీ, ఎందుకు దొరకదో ఆలోచించలేదు.

2025 సీజన్‌కి ముందు రిటెన్షన్‌లో ముంబై తిలక్‌కి 8 కోట్లు ఇచ్చింది, సన్‌రైజర్స్ నితీష్‌కి 6 కోట్లు. హైక్ లెక్కలో చూస్తే తిలక్‌ది ఐదు రెట్లు కూడా కాదు. నితీష్‌ది ముప్పై రెట్లు. ముప్పై! మనకి ఎనిమిది పర్సెంట్ ఇచ్చి కేక్ కట్ చేయిస్తారు.

సరే, వర్షం తగ్గింది, తీర్పు చెప్పేస్తా.

ఫస్ట్ పిక్ తిలక్ వర్మ.

వైజాగ్ బ్రదర్స్, ఫోన్ విసిరేయకండి, ఒక్క మాట వినండి. నేను బ్యాటింగ్ చూసి తిలక్‌ని తీసుకోవట్లేదు. మంచి రోజున ఇద్దర్లో పెద్ద ఆటగాడు నితీషే అని ఇప్పటికీ అనుకుంటున్నాను. టెస్ట్ టీమ్ కడుతున్నాను, పదేళ్లు టైమ్ ఉంది, ఫిజియో నా మాట వింటాడు, కెప్టెన్ రోజుకి పన్నెండు ఓవర్లు ఇస్తానని రాసిస్తాడు అంటే నితీష్ పేరే చదువుతాను. కానీ డ్రాఫ్ట్‌లో ఎవరూ అలా రాసివ్వరు. తీసుకున్న మర్నాటి నుంచి అతన్ని ఎలా వాడతారో మన చేతుల్లో ఉండదు. తిలక్‌ని ఎంత చెత్తగా వాడినా, వెనక్కి పిలిచినా, పైకీ కిందకీ తిప్పినా సగం విలువ పోదు. నితీష్‌ని తప్పుగా వాడితే సగం మనిషి పోతాడు. 2025 మొత్తం అదే జరిగింది.

ఒకాఫోర్‌తో నితీష్‌ని పోలుస్తున్నానా? లేదు, ఉల్టా. ఒకాఫోర్ దగ్గర ఉన్న స్కిల్ ఆటకి అక్కర్లేకుండా పోయింది. నితీష్ దగ్గర ఉన్న స్కిల్ కోసం ఆట కళ్లు కాయలు కాసేలా చూస్తోంది. అందుకే ఈ పిక్ తప్పు అవ్వాలని నాకే కొంచెం ఆశగా ఉంది. తప్పయితే బిర్యానీ వెనక్కి వస్తుంది కూడా.

మీ ఫస్ట్ పిక్ ఎవరో కింద పెట్టండి, పేరుతో పాటు ఒక్క కారణం కూడా. "మా ఊరోడు" అనేది కారణం కాదు, డిలీట్ చేస్తా. సెకండ్ పిక్ మిగిలినవాడే కదా అని ఒకడు కచ్చితంగా పెడతాడు, ఆ కామెంట్‌ని మాత్రం పిన్ చేస్తా. వచ్చే వారం ప్రో కబడ్డీ, తెలుగు టైటన్స్ గురించి. బై, ఉంటాను.